సజాతి, విజాతి, మధ్యలో మా మేనత్త

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో తెలుసుకోదగ్గ సంగతులన్నీ తాండూరు లైబ్రరీలో కిటికీ పక్కనున్న మూడు బీరువాల్లోనే ఉన్నాయని, వాటిలో రెండు నేను చదివేశాను కాబట్టి ఇక లోకం నాకు కొత్తగా నేర్పగలిగింది పెద్దగా ఏమీ లేదని. (మూడో బీరువా తాళంచెవి ఎప్పుడో పోయింది. అందులో ఏముందో లైబ్రరీ సారుకు కూడా తెలియదు.) ఇంత విద్వత్తుతో నేను వికారాబాద్‌లో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరాను. పొద్దున తాండూరులో రైలెక్కడం, సాయంత్రం దిగడం. కిటికీ పక్క సీటు దొరికితే పుస్తకం, దొరక్కపోతే నిలబడే పుస్తకం.

ఒకరోజు ఫిజిక్స్ సారు, ఒక్కొక్కరు ఒక్కో సైన్స్ విషయం మీద క్లాసులో మాట్లాడాలన్నారు. నా వంతుకు అయస్కాంతం వచ్చింది. నాది తెలుగు మీడియం చదువని తెలిసి, "తెలుగులో చెప్పినా సరేనమ్మా, కానీ అయిదు నిమిషాలు దాటొద్దు" అన్నారు. ఆ మొదటి సగం విని నేను పొంగిపోయాను, రెండో సగం చెవికెక్కలేదు. తోటివాళ్లంతా ఫోన్లలో వెతుక్కుని అరపేజీ రాసుకుంటుంటే నేను నేరుగా లైబ్రరీకి వెళ్లి అయస్కాంతం పేరున్న పుస్తకాలన్నీ బల్ల మీద పేర్చాను. లైబ్రరీ సారు కళ్లద్దాల మీదుగా చూసి, "అయిదు నిమిషాలకు అయిదు పుస్తకాలా బిడ్డా?" అన్నారు. "ఇంకేమన్న ఉన్నయా సార్?" అన్నాను. ఆయన నవ్వి, లోపలి గదిలోంచి అట్ట ఊడిన విజ్ఞాన సంపుటం ఒకటి తెచ్చిచ్చారు. మూసే వేళ దాటినా ఫ్యాన్ కట్టేయకుండా, నేను తల ఎత్తేదాకా పేపర్లు సర్దుతూ కూర్చునేవారు. ఆయన ఇంటికి ఎంత ఆలస్యంగా పోయేవారో నేనెప్పుడూ ఆలోచించలేదు.

రైల్వే గేటు దగ్గర రేడియోలు బాగుచేసే చాచా, పాడైపోయిన స్పీకర్లు విప్పి రెండు గుండ్రటి అయస్కాంతాలు ఇచ్చాడు. "జర సంభాల్కే రఖ్ బేటీ, పైలంగ పెట్టుకో, ఇవి దొంగముండకొడుకులు, దొరికిందల్లా పట్టుకుంటయి" అన్నాడు. నిజమే. ఆ వారమంతా అమ్మ పిన్నీసులు, సూదులు, తలపిన్నులు ఒక్కొక్కటే మాయమై నా జామెట్రీ బాక్సులో తేలాయి.

ప్రసంగం రాశాను. చదివి చూసుకుంటే అరగంట వచ్చింది. కోతలు మొదలుపెట్టాను. నావికుల కథలు పోయాయి, భూమి లోపలి సంగతి పోయింది, అయినా అయిదు నిమిషాలు దాటుతోంది. అప్పుడు నాకో గొప్ప ఉపాయం తట్టింది. 'ధ్రువాలు' అనే మాట ప్రతి వాక్యంలోనూ వస్తోంది. ఒకసారి చెబితే చాలదా? మొదటి వాక్యంలో ఉంచి మిగతా చోట్లన్నీ కొట్టేశాను. వాక్యాలు తేలికపడ్డాయి. ఎంత తేలికపడ్డాయంటే, మిద్దె మీద నిలబడి చదువుతుంటే గాలికి మెట్ల దాకా పోయాయి.

మెట్ల మీద మా మేనత్త ఉంది. కోట్‌పల్లి నుంచి కళ్లు చూపించుకోవడానికి వచ్చింది. ఆ సాయంత్రం ఎండబోసిన కందులు ఎత్తడానికి పైకి వస్తూ, ఆరేసిన దుప్పట్ల అవతల నా గొంతు విని ఆగిపోయింది. ఆమెకు కళ్లు మందగించాయి గాని చెవులు బంగారంలాంటివి. మొదటి వాక్యం దాటిపోయాక ఆ చెవుల్లో పడింది ఇది: "మిత్రులారా! సజాతి ఎప్పుడూ వికర్షించుకుంటాయి. విజాతి ఆకర్షించుకుంటాయి. ఇది మనుషులు పెట్టిన కట్టుబాటు కాదు, ప్రకృతి నియమం! ఎంత బలవంతం చేసినా మార్చలేం. ఎంత దూరాన ఉన్నా ఉత్తరం దక్షిణాన్ని చేరుకుంటుంది!"

కందులు అక్కడే వదిలేసి అత్త కిందికి దిగిపోయింది. మా నాయిన నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర పనిచేసేవాడు. ఆ మోతలో అరిచి అరిచి ఇంట్లో కూడా అదే గొంతు. అత్త ఆయన చెవిలో ఏం చెప్పిందో నాకు వినపడలేదు. ఆయన జవాబు ప్రసంగంలో మునిగిన నా తలకెక్కలేదు గాని, మా గల్లీ మొత్తం విన్నది.

"ఏందక్కా! వేరే జాతోడా!"

"మెల్లగ తమ్మీ, మెల్లగ! ఉత్తరం గూడ పోయిందట!"

నన్ను కిందికి పిలిచారు. నాయిన చాప మీద కూర్చున్నాడు, అత్త గుమ్మంలో నిలబడింది, అమ్మ పొయ్యి దగ్గర గరిట పట్టుకుని ఉంది. నాకేమో ప్రసంగం బుర్రలో గిర్రున తిరుగుతోంది, వీళ్ల మొహాలు చదివే తీరిక లేదు.

"అత్త చెప్పేది నిజమేనా బిడ్డా?"

"నిజమే నాయినా. రేపు కాలేజీల అందరి ముంగట చెప్పాలె."

"అందరి ముంగటనా!" అని అత్త గుమ్మాన్ని పట్టుకుంది.

"ఎప్పటి సంది నడుస్తుంది ఇది?"

"ఎనిమిదో తరగతి సంది ఇష్టమే నాకు. గిప్పుడు వంతొచ్చింది."

"ఎవరు నేర్పిండ్రు నీకు ఇవన్ని?"

"లైబ్రరీ సారు" అన్నాను గర్వంగా. (పాపం, ఆయన ఆ క్షణాన ఎక్కడో టీ తాగుతూ ఉండి ఉంటారు. పొలమారే ఉంటుంది.)

నాయిన మొహం పాలిష్ పెట్టని బండలా అయింది. "ఇగ రేపటి సంది వికారాబాద్ లేదు, రైలు లేదు. ఇంట్ల కూసో."

అప్పుడు దిగాను నేను నేల మీదికి. రేపు నా వంతు. ఇన్నాళ్ల చదువు, అయిదు పుస్తకాలు, అట్ట ఊడిన సంపుటం, అన్నీ వృథా అవుతాయని ఏడుపొచ్చేసింది. ఎందుకు వద్దంటున్నారో మాత్రం అర్థం కాలేదు. మా ఇంట్లో అయస్కాంతం మీద ఇంత పగ ఉందని నాకేం తెలుసు! ఏడుస్తూనే, "గది ప్రకృతి నియమం నాయినా, ఎవ్వరు ఆపినా ఆగది" అన్నాను.

"ఇన్నవా తమ్మీ? ఆపినా ఆగదంట!" అంది అత్త.

అప్పుడు అమ్మ గరిట కింద పెట్టింది. "జర ఆగుండ్రి. ఏం చెప్తదో పిల్లను మొత్తం చెప్పనియ్యిండ్రి. నడిమిట్ల ఎవ్వరు మాట్లాడకుండ్రి" అంది. మా అమ్మ ఇంట్లో అంత పొడుగు మాట మాట్లాడటం అరుదు. నాయిన కూడా సర్దుకుని కూర్చున్నాడు.

నేను ముక్కు తుడుచుకుని, జామెట్రీ బాక్సు తెరిచి, అయస్కాంతాలకు అంటిన పిన్నీసులు ఒక్కొక్కటే పీకి అమ్మ చేతికిచ్చి (ఆమె చూసిన చూపు వేరే కథ), రెండిటినీ మా ఇంటి నున్నటి బండ మీద పక్కపక్కన పెట్టాను. ఒకదాన్ని జరిపితే రెండోది ముట్టుకోకుండానే ఉరికింది. మళ్లీ జరిపాను, మళ్లీ ఉరికింది. "ఇవి సజాతి ధ్రువాలు" అన్నాను. కొట్టేసిన మాట దానంతటదే నోట్లోకి వచ్చింది. తర్వాత ఒకదాన్ని తిరగేశాను. టక్కున వచ్చి అతుక్కుంది. "ఇవి విజాతి ధ్రువాలు. ఇది ఉత్తర ధ్రువం, ఇది దక్షిణ ధ్రువం."

నాయిన అత్త వైపు చూశాడు. అత్త పైకప్పు వైపు చూసింది.

"ఉత్తరమంటే గిదా?" అంది చివరికి చిన్నగొంతుతో.

"గిదే అత్తా. నువ్వేమనుకున్నవ్?"

అత్త నా చేతిలోంచి అయస్కాంతాలు లాక్కుని, రెండు సజాతి ధ్రువాలను బలవంతంగా కలపబోయింది. అవి జారిపోయాయి. చీర కొంగు బిగించి మళ్లీ పట్టింది. "అరె, రెండు ఒక్కతీరుగనే ఉన్నయి గదనే, ఎందుకు కొట్లాడుతున్నయి? మా ఊర్ల గట్టుకాడి అన్నదమ్ముల తీరు!" అంది. నాయిన మొదట భుజాలతో, తర్వాత పొట్టతో, ఆఖరికి ఆ మిషన్ గొంతుతో నవ్వాడు. గల్లీవాళ్లు రెండోసారి కిటికీలు తెరిచారు.

అమ్మ మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి కూర్చుని, ఒక అయస్కాంతాన్ని వేళ్లతో తిప్పి చూస్తూ, "గిది కిందపడి రెండు తునకలైతే ఏమైతదే? ఒక తునక ఉత్తరం, ఒక తునక దక్షిణం అయితదా?" అని అడిగింది.

దీనికి జవాబు అయిదు పుస్తకాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది, దిక్సూచి పట్టుకుని సముద్రాల మీద తిరుగుతూ నేను ఆ పేజీ దాటేసినట్టున్నాను. రెండు బీరువాల విద్వత్తు మా వంటింటి ముందర నీరుగారిపోయింది. "తెల్వది అమ్మా" అన్నాను.

నాయిన చాప మీంచి లేచాడు. "తెల్వకపోతే పోయి తెల్సుకొని రా. రేపు రైలు ఎన్నింటికి?"

మర్నాడు నా ప్రసంగం అంత గొప్పగా ఏమీ సాగలేదు. ముందురోజు దెబ్బకు భయపడి 'ధ్రువాలు' అన్న మాటను తీసినచోటే కాక అక్కర్లేనిచోట కూడా పెట్టాను. అయిదు నిమిషాలకు సారు బల్ల మీద తట్టారు, నేను ఇంకా సగం దాకా కూడా రాలేదు. అయినా కూర్చోకుండా అమ్మ ప్రశ్న అడిగాను. ఆయన సంతోషపడి, ఎన్ని తునకలు చేసినా ప్రతి తునకలోనూ రెండు ధ్రువాలూ ఉంటాయని చెప్పారు. ఇంటికొచ్చి చెబితే అమ్మ, "గట్లనా" అని, చాటలో కందుల్లోంచి రాళ్లు ఏరుతూ చాలాసేపు తనలో తాను తలూపుకుంది.

నాతో అదే రైలెక్కే పిల్లల్లో ఇంతకన్నా చిన్న అనుమానానికే చదువు ఆగిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లను మొత్తం చెప్పనివ్వమన్నవాళ్లు లేకపోయారు, అంతే తేడా. అందుకే నేర్పిన సార్లను తలుచుకున్నప్పుడల్లా, వాళ్లకంటే ముందు ఆ సాయంత్రం చాప మీద, గుమ్మంలో, పొయ్యి దగ్గర నా మాట పూర్తిగా విన్న ముగ్గురికి మనసులో దండం పెట్టుకుంటాను. ఇప్పుడు నన్నెవరైనా ఏదైనా అడిగితే ఫోన్ తీసి క్షణంలో జవాబు చెప్పేస్తున్నాను. తెలియదని ఒప్పుకునే అవసరమే రావడం లేదు. ఆ రైలు కోసం రాత్రే జడ వేసుకుని పడుకున్న ఆనాటి పిల్ల ఇప్పటి నన్ను చూస్తే ఎంత మెచ్చుకుంటుందో! నాకు మాత్రం, 'తెల్వది అమ్మా' అనగలిగిన ఆమె మీదే కొంచెం అసూయ.