రెంటికీ ఒకటే ‘వి’

మా ఆయన కంపెనీ డిన్నర్లో ఒక పెద్దాయన నన్ను “వాట్ డు యు డు?” అని అడిగారు. “ఐ యామ్ ఫైన్” అన్నాను. మర్యాదస్తుడు, తల ఊపి పక్కకి వెళ్ళిపోయారు. మా ఆయన మాత్రం భీమవరం నుంచి రాజమండ్రి వచ్చేదాకా రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, “స్పోకెన్ ఇంగ్లీషులో చేరు. రేపు నలుగురిలో నా పక్కన నిలబడాలి కదా,” అన్నాడు. అప్పట్లో అయితే ‘అన్నారు’ అనే రాసేదాన్ని. ఇప్పుడు చెయ్యి ‘అన్నాడు’ దగ్గరే ఆగిపోతోంది.

రొయ్యల మేత తయారుచేసే ఆ కంపెనీలో ఆయన అప్పుడే మేనేజరయ్యాడు. వారమంతా భీమవరంలో గది తీసుకుని ఉండేవాడు, శనివారం సాయంత్రం ఇంటికొచ్చేవాడు. మాకు పిల్లలు లేరు. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పక్కన నిలబడాలంటే ఇంగ్లీషు రావాలన్నాడు కాబట్టి చేరాను. నాకు కావలసింది ఇంగ్లీషు కాదు, ఆ పక్కన చోటే.

మందుల షాపు మీద గదిలో మధ్యాహ్నం మూడింటికి క్లాసు. రిటైరైన హెడ్మాస్టారు ఒకరు చెప్పేవారు. మిగతావాళ్ళంతా నర్సింగు చదివే అమ్మాయిలు, నన్ను ఆంటీ అనేవాళ్ళు. రోజుకి పది మాటలు, వాటితో పది వాక్యాలు. ‘ఎ’, ‘యాన్’, ‘ది’ ఎక్కడ పెట్టాలో తెలియడానికే నెల పట్టింది. “మన భాషలో లేని వస్తువమ్మా అది, మెల్లగా అలవాటవుతుంది,” అనేవారు మాస్టారు. ఇంట్లో చదవడానికి ఏది దొరికితే అదే చదివాను: కుక్కరుతో వచ్చిన పుస్తకం, షాంపూ సీసా, ఇన్వర్టరు వారంటీ కార్డు. ఆ ఇన్వర్టరు గురించి నాకు తెలిసినంత దాన్ని అమ్మినవాడికి కూడా తెలియదేమో.

ఫోన్లో మెసేజీలు కూడా ఇంగ్లీషులోనే పెట్టుకోవాలని ఆయన రూలు పెట్టాడు. ప్రాక్టీసు అన్నాడు. ‘ఐ హ్యావ్ ఏట్ ఉప్మా’ అని నేను పెడితే, ‘ఏట్ కాదు, ఈటెన్’ అని వెంటనే దిద్దేవాడు. అంత పనిలో కూడా నా ఉప్మా సంగతి చదువుతున్నాడు కదా అని సంబరపడేదాన్ని.

ఒకరోజు మాస్టారు బోర్డు మీద ‘మేము’ అని రాసి, పక్కన ‘వి’ అని రాశారు. దాని కింద ‘మనం’ అని రాసి, దాని పక్కన కూడా ‘వి’ అనే రాశారు.

“మరి వినేవాళ్ళు, అందులో తాము ఉన్నదీ లేనిదీ ఎలా తెలుసుకుంటారండీ?” అని అడిగాను.

“ముందూ వెనకా చూసుకోవాలమ్మా,” అన్నారు. అమ్మాయిలు నవ్వారు. నేనది నోట్సులో రాసుకున్నాను.

మే నెలలో ఆయన దగ్గర నుంచి మెసేజీ వచ్చింది. ‘వి ఆర్ టేకింగ్ ఎ హౌస్ ఇన్ భీమవరం ఫ్రమ్ జూన్.’ హౌస్ ముందు ‘ఎ’ సరిగ్గా పెట్టాడని, ముందు అదే గమనించాను. తర్వాత అర్థం చెప్పుకున్నాను: మనం ఇల్లు తీసుకుంటున్నాం. ముందూ వెనకా ఏమీ చూడలేదు. పదిహేనేళ్ళ కాపురంలో కొత్తగా చూడాల్సింది ఏముంటుంది? ‘వెరీ గుడ్’ అని పెట్టాను.

కిరాణా కొట్లో అట్టపెట్టెలు అడిగి తెచ్చాను. గాజు సామానంతా పాత చీరల్లో చుట్టి సర్దాను. ఇల్లు ఖాళీ చేస్తామని కింద వాటాలో ఉన్న ఇంటావిడకి చెప్పాను. కనెక్షన్ భీమవరానికి మార్చడానికి ఏం కావాలో గ్యాసు ఏజెన్సీకి వెళ్ళి కనుక్కున్నాను.

శనివారం ఆయన వచ్చి హాల్లో పెట్టెలు చూసి ఆగాడు.

“ఇవేంటి?”

“సామానండీ. మనం ఎప్పుడు దిగుదాం? మంచిరోజు చూపించుకోవాలి కదా.”

కుర్చీలో కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు పట్టుకునే ఉన్నాడు.

“మనం కాదు,” అన్నాడు. “మేం తీసుకుంటున్నాం.”

“మేం అంటే ఎవరండీ?”

తన ఆఫీసులోనే పనిచేసే ఆవిడ అని చెప్పాడు. రెండేళ్ళయిందన్నాడు. నువ్వు ఈ ఇంట్లోనే ఉండొచ్చు, ఇబ్బందేమీ ఉండదు అన్నాడు.

నాకు ఏమీ అనిపించలేదు. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు. చాలాసేపు ఒక పక్కకే పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కి మనది కానట్టుంటుంది చూడండి, ఒళ్ళంతా అలా ఉంది. “భోంచేస్తారా?” అని అడిగాను. చేస్తానన్నాడు. బీరకాయ కూర వడ్డించాను. ఉప్పు సరిపోయిందన్నాడు. తిని, తన బట్టలు బ్యాగులో సర్దుకున్నాడు.

ఆయన మీద కోపం తర్వాత వచ్చింది, చాలా రోజులుంది, పోయింది. నా మీద నాకు వచ్చిన కోపం మాత్రం పోలేదు. ఆ రోజు గుమ్మం దగ్గర షూ లేసులు కట్టుకుంటూ ఆయన తలెత్తకుండానే, “క్లాసు మాత్రం మానకు. నీ ఇంగ్లీషు బాగా మెరుగైంది,” అన్నాడు. మన వైపు ఎవరైనా మెచ్చుకుంటే ‘అబ్బే, ఏముంది లెండి’ అంటాం. ఇంగ్లీషులో అలా నసగకూడదని, తల ఎత్తి వెంటనే జవాబివ్వాలని చెప్పి, మాస్టారు ఆ వారమే ఆ మాట మాచేత పదిసార్లు అనిపించారు.

నేను తల ఎత్తి, “థాంక్యూ” అన్నాను.