లోపాలన్నీ చెప్పి అమ్మిన కెమెరా

ఆ రోజుల్లో జనగామలో పొద్దున లేచి ఎవరు ఎదురుపడినా మొదటి మాట "ఇయ్యాల బందేనా?" అనే. బడి నడిస్తే ఆశ్చర్యం, బస్సు నడిస్తే అంతకన్నా ఆశ్చర్యం. ఊరు ఊరంతా ప్రత్యేక రాష్ట్రం కోసం రోడ్డెక్కి కూర్చుంటే, ఇరవై ఒక్కేళ్ల నేను మాత్రం మా పెద్దనాయిన కొడుకు మెడలో వేలాడే కెమెరాను చూసి కుళ్లుకుంటూ తిరిగేవాణ్ని. (చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఈ వయసులో దాచుకుని మాత్రం ఏం చేస్తాను?) అది ముందు జానెడు గొట్టం ఉన్న పెద్ద కెమెరా. ర్యాలీలో అన్న కనబడితే చాలు, "ఫోటో అన్న అచ్చిండు, జరుగుండ్రి" అని జనం దారి ఇచ్చేవాళ్లు. నా దగ్గరా ఓ కెమెరా ఉండేది, అంగీ జేబులో పట్టేంతది. దాన్ని బయటికి తీస్తే అదే జనం "తమ్మీ, జర పక్కకు జరుగు, అన్న తీస్తుండు" అనేవాళ్లు. అన్న ఫోటోలు పేపర్లో జిల్లా పేజీలో పడేవి. నా ఫోటోలను మా అమ్మ కూడా రెండోసారి చూసేది కాదు. ఎదురుగా చరిత్ర నడుస్తుంటే నేను తీసినవేమిటంటే ఆకు మీద నీటి చుక్క, దుకాణం రేకుల వెనక దిగిపోయే సూర్యుడు, అద్దంలో నేను. అయినా సరే, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తప్పంతా కెమెరాదేనని తీర్మానించాను. దీన్ని అమ్మేసి అన్న దానికన్నా పొడుగు గొట్టం ఉన్నది కొనాలి. అప్పుడు చూద్దాం ఎవరికి ఎవరు దారి ఇస్తారో!

జనగామలో అమ్మితే అన్నకు తెలిసిపోతుంది, నవ్వుతాడు. అందుకని నెట్ సెంటర్లో కూర్చుని, పాత సామాన్లు అమ్మిపెట్టే సైటులో ప్రకటన పెట్టాను. "ఒక్క చేతి మీద వాడినది, గీత కూడా పడలేదు" అని నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి మరీ పెట్టాను. ఫోన్లు రాసాగాయి. భూపాలపల్లి నుంచి ఒకాయన "కెమెరా బస్సు కండక్టర్‌కు ఇచ్చి పంపు, నచ్చితే పైసలు పంపుత" అన్నాడు. (నచ్చకపోతే ఏం పంపుతాడో చెప్పలేదు.) ఇంకొకడు పైసలు వేస్తానంటూ నా ఏటీఎం కార్డు మీది నంబరే కాక రహస్య నంబరు కూడా అడిగాడు. కిరాణా దుకాణం వాళ్ల పిల్లవాణ్ని, అంత తేలిగ్గా మోసపోతానా? ముఖం తెలియనివాడికి సరుకు ముందు పంపకూడదు, పట్టపగలు పదిమంది ఉన్నచోట కలవాలి, ఎదుటే పనిచేయించి చూపాలి, కెమెరా మెమరీ కార్డులో మన ఫోటోలు తుడిచెయ్యాలి, కెమెరా అడుగున ఉన్న నంబరు రాసి పెట్టుకోవాలి. ఇవన్నీ నాకు నేనే పెట్టుకున్న నియమాలు. వీటిమీద మా నాయిన నియమం ఒకటి ఎప్పటినుంచో ఉంది: ధర ఒప్పుకున్నాక సరుకు ఇయ్యనని అనకూడదు. కొనేవాడు వద్దనవచ్చు గానీ అమ్మేవాడు వద్దనడానికి లేదు. తరాజు ముందు కూర్చుని తూచేవాడికి మాటే పెట్టుబడి అనేవాడు ఆయన.

చివరికి ఒక ఆడపిల్ల ఫోన్ చేసింది. "అన్నా, నెట్‌ల కెమెరా వెట్టింది నువ్వేనా?" గార్ల దగ్గర ఒక తండా పిల్ల, మానుకోటలో డిగ్రీ చదువుతోంది. "పేపరోళ్లు మా తండ దాంక రారన్నా. నేనే తీసి పంపుదామని" అంది. ఆ మాటకు నేను లోలోపల నవ్వుకున్నాను. రెండేళ్లుగా నావల్ల కానిది ఈమె వల్ల అవుతుందా అని. నేను ఆమెను ఎంత అనుమానించానో ఆమె నన్ను అంతకన్నా ఎక్కువ అనుమానించింది. "కొట్టుకొచ్చిన మాలు కాదు గదా అన్నా? కొన్న చిట్టీ ఉన్నదా?" అని రెండుసార్లు అడిగింది. ధర ఒప్పుకున్నాం. పట్టపగలు, పదిమంది ఉన్నచోట అన్న నియమం ప్రకారం మానుకోట రైల్వే స్టేషన్లో కలుద్దామన్నాను.

నేను వెళ్లేసరికి స్టేషన్లో పదిమంది కాదు, పదివందల మంది ఉన్నారు. ఆ రోజు రైల్‌రోకో. నేను దిగిన రైలు అక్కడే నిలిచిపోయింది. పట్టాల మీద రాళ్ల పొయ్యిలు, పొయ్యిల మీద డేగిశాలు, వంటా వార్పూ జోరుగా సాగుతోంది. "అన్నా, మూడో పొయ్యి కాడికి రా!" అని ఫోన్లో పిలిచింది. నేను జాగ్రత్త కోసం జేబులో కొన్న చిట్టీ తెచ్చుకుంటే ఆమె తండా మొత్తాన్ని తెచ్చుకుంది. వాళ్ల బాపు నన్ను కిందికీ పైకీ చూశాడు. వాళ్ల అవ్వ గంటెతో అన్నం కలుపుతూ ఆ పిల్లతో తమ భాషలో ఏదో అని, నావైపు తిరిగి "ముందుగాల దినుపో బిడ్డా" అంటూ విస్తరి చేతిలో పెట్టింది. సరుకు అమ్మడానికి వచ్చి కొనేవాళ్ల అన్నం తినడం మా వంశంలో అదే మొదటిసారి అనుకుంటాను.

"పనిచేస్తదా లేదా చూస్త అన్నా" అని ఆ పిల్ల కెమెరా అందుకుంది. నేను ముద్ద నోట్లో పెట్టుకునే లోపల నాలుగు తీసింది. ఒకదాంట్లో, పట్టాల మీంచి జనాన్ని లేపడానికి వచ్చిన కానిస్టేబుల్ లాఠీ చంకన పెట్టుకుని, రెండు చేతులతో విస్తరి పట్టుకుని అన్నం కోసం వరుసలో నిలబడ్డాడు. అవ్వ గంటె ఎత్తి "పొద్దుగాల మమ్ముల తరిమింది నువ్వే గదా?" అన్నట్టు చూస్తోంది. అతను సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. ఆ కానిస్టేబుల్ పక్కనే నిలబడి తింటున్నాను. నాకు కనబడింది అన్నమే. ఆ చిన్న తెర మీద బొమ్మ చూసి విస్తరి పక్కన పెట్టేశాను. నా కెమెరా రెండేళ్లు నాతో ఉండి నాకు దాచిపెట్టిందంతా, ఎవరో పరాయి పిల్లకు ఒక్క నిమిషంలో ఇచ్చేసింది. అన్న మీద కుళ్లు ఆ క్షణంలోనే ఎగిరిపోయింది. దాని చోట ఈ పిల్ల మీద అంతకు పదింతల కొత్త కుళ్లు వచ్చి కూర్చుంది.

ఇక ఆ కెమెరా ఆమెకు ఇవ్వబుద్ధి కాలేదు. కానీ నాయిన నియమం ఉండనే ఉంది. నేను వద్దనడానికి లేదు, ఆమెతోనే వద్దనిపించాలి. మొదలుపెట్టాను. "ఒక మాట చెప్పాలె. బ్యాటరీ మూత లూజు, నొక్కి పట్టుకోవాలె." ఆమె తల ఊపింది. "నీడల తీస్తే బొమ్మ గరుకుగ వస్తది." మళ్లీ ఊపింది. "దగ్గరికి గుంజితే గురక వెట్టినట్టు సప్పుడైతది. ఎండల తెర కనవడది. ఒకపాలి కింద వడ్డది సుత." ఇవన్నీ నిజాలే. నిజాలు అయిపోయాక కూడా నోరు ఆగలేదు. "మంది ఎక్కువుంటే ఫోటో సక్కగ రాదు" అన్నాను. ఆమె తెర నా ముందు పెట్టింది. నలభై మంది, నలభై ముఖాలూ కడిగినట్టు ఉన్నాయి. ఆమె నన్ను నిలదీస్తుందనుకున్నాను. కానీ వాళ్ల బాపు లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "సంతల ఎద్దును కొంటే కుంటుతదని సుత చెప్పరు బిడ్డా. నువ్వు మూత సంగతి సుత చెప్తున్నవ్. గిసొంటి మనిషి కాడ కండ్లు మూసుకొని కొనొచ్చు." అప్పటిదాకా నన్ను అనుమానంగా చూసిన తండా అంతా నన్ను దేవుణ్ని చూసినట్టు చూడసాగింది. ఆ పిల్ల అనుకున్న ధరలో ఒక్క రూపాయి కూడా తగ్గించమనలేదు. కుళ్లుతో నిజం చెప్పినా జనం నిజాయితీ అనే అనుకుంటారని నాకు ఆ రోజు తెలిసింది.

మూడోనాడు దుకాణంలో పేపర్ తెరిస్తే జిల్లా పేజీలో ఆ కానిస్టేబుల్, ఆ విస్తరి, ఆ అవ్వ! కింద ఎవరి పేరూ లేదు. పేపర్ మడిచి ఇంటికి తెచ్చి పరుపు కింద దాచాను. మా అమ్మ ఊడుస్తూ బయటికి లాగింది. "మొన్న మానుకోట పోతివి గదరా, గిది నువ్వు దీసిందేనా?" అంది. నేను కాదనాలి. "నా కెమెరాతోని తీసిందే" అన్నాను. (చూడండి, ఇందులో ఒక్క అబద్ధం లేదు.) అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పెద్దమ్మ ఇంటికి పోయి, "మావోడు తీసింది సూడు అక్కా" అని వాకిట్లోనే పేపర్ పరిచింది. ఎన్నేళ్ల నుంచి అమ్మ ఆ ఇంటి ఫోటోలు చూసి ఊరుకుందో ఆమె గొంతు వింటే అర్థమైంది. కడుపుమంట నాకు ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కూడా అర్థమైంది. రాత్రికి నాయిన అద్దాలు పెట్టుకుని ఫోటోను చాలాసేపు చూసి, అంచున ఉన్న నా గళ్ల అంగీ చేతిని వేలితో తట్టి, "ఫోటో తీసేటోని మోచెయ్యి ఫోటోల ఎట్ల వడ్డదిరా?" అన్నాడు. జవాబు కోసం చూడకుండా లేచి పోయి పడుకున్నాడు.

మర్నాడు నేను స్నానం చేస్తుండగా నా ఫోన్ మోగింది. అమ్మ ఎత్తింది. "ఎవరు బిడ్డా? గార్ల నుంచా? మావోడు తీసిన ఫోటో పేపర్ల వడ్డది, సూసినవా?" తలుపు వెనక నీళ్ల చెంబు పట్టుకుని నిలబడిపోయాను. అయిపోయింది. ఇప్పుడు ఆ పిల్ల చెబుతుంది. అమ్మ ఇక పెద్దమ్మ ముందు తలెత్తుకు తిరగలేదు, నా ముఖం కూడా చూడదు. అంతలో అమ్మ నవ్వింది. తువ్వాలు చుట్టుకుని వస్తే, "మంచి పిల్లరా. 'సూసిన అమ్మా, అన్న మస్తు తీసిండు' అన్నది" అంటూ ఫోన్ చేతికి ఇచ్చింది.

వాకిలి దాటి పోయి మాట్లాడాను. "గట్లెందుకు చెప్పినవ్? అది నువ్వు తీసింది గదా" అన్నాను. తన ఫోటో పేపర్లో పడిందని చెప్పడానికే ఫోన్ చేసిందట, అమ్మ గొంతు విని ఊరుకుందట. "అమ్మ మస్తు ఖుషీగున్నది అన్నా, ఎందుకు ఖరాబు చెయ్యాలె? నేను ఇంకోటి తీస్త తియ్" అంది. అంతే. బజారు నుంచి ఉప్పు పొట్లం తెస్తానన్నంత తేలిగ్గా!

ఆ తర్వాత ఉన్న డబ్బులకు ఇంకొన్ని కలిపి పొడుగు గొట్టం కెమెరా కొన్నాను. ఆకు మీద నీటి చుక్కలను మరింత పెద్దవిగా తీశాను. ఇప్పుడు మా నాయిన తరాజు ముందు కూర్చుంటున్నాను, రాష్ట్రం వచ్చింది, మా ఊరే జిల్లా అయింది. పొద్దున పేపర్లో మంచి ఫోటో కనబడితే ఇప్పటికీ ముందు కడుపు భగ్గుమంటుంది. ఇది ఆమె తీసిందేమో అనుకుంటాను. ఫోటో తియ్యడంలో మించిపోతే పోయింది, పేరు వదులుకుని ఊరుకోవడంలో కూడా నన్ను మించిపోయిందే అని ఇరవై ఒక్కేళ్ల ఆ పిల్లవాడు లోపలి నుంచి ఇంకా ఏడుస్తుంటాడు. వాణ్ని కాసేపు ఏడవనిచ్చి, గిరాకీ వస్తే లేచి బెల్లం తూకం వేస్తాను.