కెజాయా నేలచూపులు

బర్మింగ్‌హామ్‌లో నల్లజాతివాళ్లుండే పడమటి వీధుల్లో వర్డెల్ టాలివర్ చేతి మొక్కజొన్న రొట్టె తినకుండా పెద్దయిన మనిషి దొరకడం కష్టం. ఇరవై ఏడేళ్లు బడి వంటశాలలోనే పనిచేసింది. పళ్లెం చాచిన ప్రతి బిడ్డనూ, "అడగడమెలాగో మీ ఇంట్లో నేర్పలేదా?" అని నిలదీసి, మర్యాదగా అడిగేదాకా గరిటె వంచేది కాదు. ఆ పిల్లలే తల్లులూ తండ్రులూ అయి, తమ పిల్లల్ని అదే వరసలోకి పంపారు.

మార్చిలో ఆమె చెల్లెలు ఆల్మెటా పోయింది. సమాధి దగ్గర అందరూ ఏడ్చారు, వర్డెల్ ఏడవలేదు. ఆ తర్వాత నవ్వనూ లేదు. కూరలో ఉప్పు పడిందో లేదో నాలుకకు తెలిసేది కాదు. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే "ఉన్నాను" అనేది. అందులో అబద్ధమేమీ లేదు. ఉంది, అంతే.

ఆగస్టులో పై ఆఫీసు వాళ్లకు ఒక ఆలోచన పుట్టింది. నల్లజాతి పిల్లలకు నడవడిక నేర్పాలంటే వాళ్ల మనిషే నేర్పాలట. బాగానే ఉంది. వర్డెల్‌ను వంటశాలలోంచి తెచ్చి తరగతిలో నిలబెట్టారు. వాళ్ల మనిషి కావాలి గానీ, వాళ్ల మనిషి మాటలు అక్కర్లేదు కాబోలు, ఎక్కడో ఎవరో రాసిన పుస్తకం చేతిలో పెట్టారు. పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు కళ్లలోకి చూస్తే గౌరవానికి రెండు మార్కులు. చూడకపోతే సున్నా. వరసగా ఆరు వారాలు సున్నాలొస్తే ఆ పిల్లను ఊరి అవతల దిద్దుబాటు బడికి పంపెయ్యాలి. అలా పంపే కాగితం మీద సంతకం వర్డెల్‌దే.

మునుపటి వర్డెల్ అయితే ఆ పుస్తకంతో వేడి పెనం దించుకునేది. ఇప్పుడు మాత్రం అదే నయమనిపించింది. ఆలోచించే పని లేదు, గడులు నింపితే చాలు.

కెజాయా తొమ్మిదేళ్ల పిల్ల, తాతమ్మ లువీనియా పెంపకం. వెనక వచ్చేవాళ్ల కోసం తలుపు పట్టుకుని నిలబడుతుంది. ప్రార్థన కానిదే ముద్ద ముట్టదు. అయితే వర్డెల్ ఏదైనా చెప్పబోతే చాలు, కళ్లు బూట్ల మీదికి దించేస్తుంది.

"కళ్లు పైకెత్తవే పిల్లా."

"అలాగే, మిస్ వర్డెల్," అనేది కెజాయా, బూట్లవైపే చూస్తూ.

మళ్లీ సున్నా. ఆరో గురువారం వర్డెల్ సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి ఇంటికి పోయింది.

శుక్రవారం పొద్దున్నే కబురు తెలిసి లువీనియా తరగతిలోకి వచ్చింది. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, చర్చిలో అందరికీ అమ్మ. తలమీద ఆదివారం టోపీ, చేతులకు తెల్ల తొడుగులు. పనిరోజున ఆ టోపీ బయటికి తీసిందంటే ఎవరికో మూడిందన్నమాటే.

"కూర్చోండమ్మా," అంది వర్డెల్.

"కూర్చోడానికి రాలేదే. మా పిల్ల ఏం దొంగతనం చేసింది?"

"అయ్యో, అదేం లేదమ్మా. కళ్లలోకి చూడదు. పుస్తకంలో ఏముందంటే..."

"నీ పుస్తకం అవతల పెట్టు. మీ అమ్మ నిన్ను తిట్టేటప్పుడు నువ్వెటు చూసేదానివి?"

వర్డెల్ పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

"ఒక్కసారి చూశావు ఆవిడ మొహంలోకి. పదకొండేళ్లప్పుడు, చర్చి మెట్ల మీద. చెంప పగిలింది, నేను పక్కనే ఉన్నా. సరే, ఇప్పుడు నేను మాట్లాడుతున్నా గదా, నువ్వెటు చూస్తున్నావో చెప్పు."

వర్డెల్ అప్పుడు గమనించుకుంది. తనకు కనిపిస్తున్నవి లువీనియా నల్లబూట్లు.

"నీకెన్ని మార్కులే వర్డెల్?" అంది ముసలామె, మెల్లగానే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు వర్డెల్ హెడ్మాస్టరు బ్రాడ్‌నాక్స్ గదికి పరిగెత్తింది. అతనూ చిన్నప్పుడు ఆమె గరిటె కింద పళ్లెం పట్టినవాడే.

"కాగితం నిన్ననే వెళ్లిపోయింది, మిస్ వర్డెల్. సోమవారం నుంచి పిల్ల అక్కడే. పిల్లను వెనక్కి పంపమని పై ఆఫీసుకు రాయొచ్చు, కానీ తేలేసరికి క్రిస్మస్ దాటుతుంది."

"రాయండి. తప్పు నాదని రాయండి."

"రాస్తాను. కానీ ఆ కాగితం కింద సంతకం మీదే కదా," అన్నాడతను.

సిగ్గు ముంచుకొస్తుందేమోనని చూసుకుంది వర్డెల్. ఏదీ రాలేదు. గదికి తిరిగొచ్చి మధ్యాహ్నం దాకా ఊరికే కూర్చుంది.

బడి వదిలాక కెజాయా సంచి సర్దుకుని బల్ల దగ్గరికొచ్చింది.

"వెళ్తున్నానని మీకు చెప్పి రమ్మంది మా తాతమ్మ."

"తప్పు నాది తల్లీ, నీది కాదు. నిన్ను మళ్లీ ఇక్కడికి తెచ్చుకుంటాను."

కెజాయా తలెత్తింది. ఆరు వారాల్లో మొదటిసారి, నేరుగా వర్డెల్ కళ్లలోకి చూసింది. రెప్ప వెయ్యలేదు. ఆ చూపులో కోపం లేదు, భయమూ లేదు. దారిన పోయే పరాయివాళ్లను అలాగే చూస్తారు. పుస్తకం లెక్కన రెండు మార్కులు. మార్చి నుంచి ఏమీ తెలియని వర్డెల్ గుండెకు ఆ చూపు మాత్రం తగిలింది, నొప్పి పుట్టింది.

"కళ్లు దించు తల్లీ," అంది.

కెజాయా దించలేదు.