రోలరు లైసెన్సుకు నరసరావుపేట ప్రయాణం

రోడ్డు రోలరు తోలడానికి లైసెన్సు కావాలని మాచర్లలో మాకెవరికీ తెలియదు. మా దావీదు బావ పద్నాలుగేళ్ళుగా కంకర రోడ్లు తొక్కుతున్నాడు. పని జరిగినంతకాలం రోడ్డు మూసి ఉంటుంది కనుక అడిగినవాడు లేడు. ఇప్పుడు పని గురజాల వైపు మారింది. అంటే మిషను జనం తిరిగే రోడ్డు మీద పోవాలి. ఊరి పొలిమేరలోనే పోలీసు జవాను ఆపి “లైసెన్సేది?” అన్నాడు. బావ రోలరు బాయిలరు నడపడానికిచ్చిన కాగితం చూపించాడు. అది పొయ్యికి చెల్లుతుంది గాని రోడ్డుకు చెల్లదన్నాడు జవాను. రోలరు వేపచెట్టు కింద నిలిచిపోయింది. సోమవారంలోగా లైసెన్సు రాకపోతే బెజవాడ నుంచి వేరే డ్రైవరును తెస్తానని కంట్రాక్టరు కబురు పెట్టాడు.

అక్క వచ్చి నా ముందు కూర్చుంది. “నాలుగు ఇంగిలీసు ముక్కలొచ్చినోడివి నువ్వే. మీ బావ ఎంట ఎల్లు” అంది. నేను క్రైస్తవ మిషన్ బడి పంతులిని. శుక్రవారం సెలవు పెట్టాను.

లైసెన్సులిచ్చే ఆఫీసరు ఆ రోజు నరసరావుపేట ట్రావెలర్సు బంగళాలో మకాం. మిషను తోలి చూపిస్తేనే లైసెన్సు ఇస్తారు. లైసెన్సు ఉంటేనే మిషను అక్కడిదాకా తోలుకెళ్ళనిస్తారు. బాగుంది కదా! ఈ ముడి బావే విప్పాడు. బంగళా ఎదుటే రోడ్డు పని జరుగుతోందట, అక్కడి రోలరు డ్రైవరు తన స్నేహితుడేనట.

పొద్దున ఆరింటికి రైలెక్కాం. మూడో తరగతిలో చోటు బాగానే దొరికింది. బండి కదలగానే పాఠం మొదలుపెట్టాను.

“రోడ్డుకు ఏ పక్కన తోలాలి బావా?”

“ఎడం పక్క.”

“ఎదురుగా బండొస్తే?”

“ఇంకాస్త ఎడం పక్క.”

నడికుడి దాటేదాకా ఇదే వరస. ఎదుట మిరపకాయల బస్తా మీద కూర్చున్న పెద్దమ్మకు విసుగొచ్చింది. “పొద్దున్నించీ ఎడం ఎడం అంటా ఆయన్ని నవుల్తన్నావు. ఏవన్నా తిన్నాడా లేదా?” అని మూట విప్పి చెరో జొన్నరొట్టె ఇచ్చింది. తిన్నంతసేపూ పాఠానికి సెలవు.

తొమ్మిదిన్నరకు పిడుగురాళ్ళలో దిగి బస్సెక్కాం. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు లేదు, బస్సు బొగ్గు గ్యాసుతో నడుస్తోంది. ఈ దారిన పోయేవారు తెల్ల పంచె కట్టవద్దని నా సలహా. పైగా ఎత్తు వచ్చిన చోటల్లా దిగి తోయాలి. “దీనికన్నా నా మిషనే నయం. నిదానంగానన్నా పోద్ది” అన్నాడు బావ, చేతులు దులుపుకుంటూ.

పన్నెండు దాటాక నరసరావుపేట చేరాం. సద్దిమూట విప్పి తిని, రెండింటికి బంగళా వరండాలో నిలబడ్డాం. ఆఫీసరు తలెత్తకుండానే అడిగాడు. “రోడ్డుకు ఏ పక్కన తోలుతావు?”

బావ గొంతు సవరించుకుని “రెండు పక్కలా దొరా” అన్నాడు.

బావ ఉద్యోగం వరండా మెట్లు దిగి పోతున్నట్టే అనిపించింది. ఆఫీసరు కలం కింద పెట్టాడు. “ఏమన్నావు?”

“ఎడం పక్కే తొక్కితే కుడి పక్క కంకర ఎవరు తొక్కుతారండీ? మద్దెన గట్టు లేచుద్ది.”

గుమాస్తా నవ్వాడు గాని ఆఫీసరు నవ్వలేదు. “తొక్కేటప్పుడు రోడ్డు నీది. ఇంకో ఊరికి పోయేటప్పుడు రోడ్డు అందరిదీ. అప్పుడో?”

“అందరిదీ అయితే ఎడం పక్కే దొరా. మా బామ్మర్ది పొద్దున్నించీ చెప్తా ఉన్నది అదే.”

తరవాత బంగళా ఎదుటి రోలరు ఎక్కమన్నారు. యాభై గజాలు పోయేసరికి ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. పొగ చూసి ఎడ్లు బెదిరాయి. ఎవరూ చెప్పకుండానే బావ స్టీము కట్టేసి, కిందికి దిగి, ఎడ్ల పగ్గం పట్టుకుని, వాటిని నిమురుతూ బండిని మిషను దాటించి వచ్చాడు. ఆఫీసరు ఇంకేమీ అడగలేదు. “స్టీము రోడ్డు రోలరు మాత్రమే” అని రాసి సంతకం పెట్టాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

నాలుగింటికి తిరుగు బస్సు. బావ లైసెన్సును కండువా కొంగున ముడి వేసుకున్నాడు. అంతకుముందే నాచేత మూడుసార్లు చదివించుకున్నాడు. బస్సు రోడ్డు నడిమధ్యన పోతోంది.

“డ్రైవరు గారూ, కాస్త ఎడం పక్కకు తియ్యండి” అన్నాడు బావ.

“చెప్పొచ్చావులే. నీకేవన్నా లైసెన్సుందా ఏంది?”

బావ లేచి నిలబడి కండువా ముడి విప్పాడు. కాగితం చేతులు మారుతూ బస్సంతా తిరిగింది. డ్రైవరు గొణుక్కుంటూ బస్సును పక్కకు తీశాడు. బావ కూర్చుని కిటికీలోంచి రోడ్డును చూశాడు.

“పద్నాలుగేళ్ళు రోడ్లేశాను గదా బామ్మర్దీ. వాటి మీద పోవడానికి సెలవిచ్చింది మాత్రం ఈ పొద్దే” అన్నాడు.

ఇంతలో ఎత్తు వచ్చింది, బస్సు ఆగింది. అందరం దిగి తోశాం. బావ ఎడం పక్కన నిలబడి తోశాడు.