చెల్లెలి ముట్టకోసు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ మా చెల్లెలంటేనే ముద్దు. నాయన సంగతి మరీ అన్యాయం. ఆయన రేణిగుంట రైల్వేలో పనిచేస్తూ నెలకోసారి పూతలపట్టు దగ్గరి మా పల్లెకు వచ్చేవాడు. వస్తూనే దాన్ని చంకనెత్తుకునేవాడు. కాళ్లకు నీళ్లు తెచ్చిన నన్ను చూసేవాడే కాదు. నాకు కడుపు మండిపోయేది.

మా మేనత్త చిత్తూరులో ఆడపిల్లల బడిలో పంతులమ్మ. ఒక చలికాలం మాకు చెరొక నారుమొక్క తెచ్చిచ్చి, అవి పెరిగాక నాయన వచ్చినప్పుడు వాటితో కూర చేస్తానంది. రెండూ ఒకేలా ఉన్నాయి. అవే బూడిదరంగు ఆకులు, నీళ్లు పోస్తే నిలవక జారిపోయేవి. రెండూ ముట్టకోసులే అనుకున్నాం. క్యాబేజీని మా వైపు అలాగే అంటారు.

చెల్లెలిది ఆకు మీద ఆకు ముడుచుకుని గుండ్రంగా గడ్డకట్టింది. నాది మాత్రం ఆకులు విప్పుకునే నిలబడింది, మొదలు దగ్గర కాండం ఉబ్బింది. ఏదో తెగులనుకున్నాను. రోజూ పొద్దున్నే పోయి చెల్లెలి మొక్కనే చూసేదాన్ని. ఏ మేకైనా వచ్చి దాన్ని మేసిపోతే బాగుండునని ఎంత కోరుకున్నానో! నాది ఈరోజు ముడుచుకుంటుంది, రేపు ముడుచుకుంటుందని కాచుకున్నాను.

మూడు నెలలయ్యాక, నాయన వచ్చే రోజు అత్త వచ్చి నా మొక్కను చూసి నవ్వింది. కావాలనే వేరు రకం ఇచ్చిందట. నాది నూకోలు, ఉబ్బిన ఆ కాండాన్నే కూర వండుకుంటారట. ఎక్కడో సముద్రపు ఒడ్డున పెరిగే ఒక అడవి మొక్క నుంచే ముట్టకోసూ, పువ్వుకోసనే కాలీఫ్లవరూ, నూకోలూ వచ్చాయనీ, ఒకరు ఆకు ముడుచుకున్నదాని విత్తనం దాచుకుంటే, ఇంకొకరు కాండం ఊరినదాన్ని దాచుకున్నారనీ, మూడింటిదీ ఒకే జాతి అనీ చెప్పింది. నా ప్రాణం లేచొచ్చింది. తీరా కోయబోతే కత్తి దిగలేదు. లోపలంతా పీచు.

"నెల ముందే పీకుంటే వెన్న మాదిరి ఉండు కదే పాపా! దాని పక్కే సూస్తా కూసున్నావు. నీదాన్ని ఒక్కనాడన్నా తాకి సూసినావా?" అంది అత్త.

ఆ మధ్యాహ్నం నాయన విస్తట్లో చెల్లెలి కూరే పడింది. మెచ్చుకుంటూ మారు వడ్డించుకున్నాడు. నేను అన్నం తినలేదు.

చెల్లెలి పిల్లల గొప్పలు వింటే ఇప్పటికీ నాకు కుళ్లే, అబద్ధమెందుకు? అయితే కుళ్లు పుట్టగానే లేచి, నా ఇంట్లో ఏది చేతికొచ్చి ఉందో వెతుక్కుంటాను. ఆలస్యమైతే ఏమవుతుందో నాకు తెలుసు.