యోహాను అన్నయ్య పాత బాక్సు, నేను తిప్పిన నాబ్

నిన్న పొద్దున ఏలూరు బస్టాండులో టీ తాగుతుంటే మెసేజ్ వచ్చింది. "నాన్నగారు లేరు. రూతు."

నాకు తెలిసిన రూతు ఒక్కతే. అయినా నంబరు రెండుసార్లు చూసుకున్నాను. రాంగ్ మెసేజ్ అయితే బాగుండునని ఎంత కోరుకున్నానో.

ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఒక్క మాటే చెప్పింది. "నిద్రలోనే పోయారండీ."

మన యోహాను అన్నయ్య.

మన సౌండ్ వాళ్ల గ్రూపులో కొత్తగా చేరినవాళ్ల కోసం చెబుతున్నాను. కొల్లేటి ఒడ్డున, ఆకివీడుకి దగ్గర్లో ఉండే యోహాను గారు ముప్పై ఏళ్లు మైకుసెట్టు నడిపారు. తాడేపల్లిగూడెంలో నేను సౌండ్ సర్వీస్ పెట్టినప్పుడు నాకు మొదటి మైకు ఇచ్చింది ఆయనే. తిరిగి అడగలేదు.

ఆయనకి ఒక పాత చెక్క బాక్సు ఉండేది. లోపల పేపర్ కోన్ స్పీకరు, అంటే మోగే గరాటు కాగితంతో చేసింది. "మనిషి గొంతు వినాలంటే ఇందులోనే వినాలయ్యా. మీ కొత్త బాక్సుల్లో అందరి గొంతూ ఒకేలా ఉంటుంది" అనేవారు.

ఒకసారి అత్తిలిలో పెళ్లికి వెళ్తే ఉన్నట్టుండి వాన. అన్నయ్య తన రెయిన్‌కోటు విప్పి బాక్సుకి కప్పారు. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. నేను సణుగుతుంటే ఆయన నవ్వు.

"మన జలుబు నాలుగు రోజుల్లో తగ్గిపోద్ది శ్రీనూ. కాగితం తడిస్తే ఇంక అంతేనయ్యా."

ఆ బాక్సంటే అంత ప్రాణం ఎందుకంటే, కరుణ వదిన కోసం.

వదిన పోయి చాలా ఏళ్లయింది. చర్చిలో ఆవిడ పాడిన పాట ఒకటి ఆయన దగ్గర క్యాసెట్‌లో ఉండేది. పాటకి ముందు వదిన చిన్నగా దగ్గి, "ఏవండీ, వినపడుతుందా?" అని అడుగుతారు. ప్రతి ఆదివారం సాయంత్రం అన్నయ్య పాత బాక్సులో ఆ క్యాసెట్ పెట్టుకునేవారు. ఆ ప్రశ్న రాగానే "వినపడుతుంది, పాడు" అని పైకే జవాబు చెప్పేవారు. నేను కళ్లారా చూశాను.

ఇక్కడి నుంచి రాయడానికి చేతులు రావడం లేదు.

కానీ ఆ రోజు అక్కడున్నవాళ్లు మీలో నలుగురైదుగురు ఉన్నారు. మీకు తెలియాలి.

మూడేళ్ల కిందట ఆకివీడులో చర్చి వార్షికోత్సవానికి ఇద్దరి సెట్లూ పెట్టాం. పాతది గొప్పా, కొత్తది గొప్పా అని మధ్యాహ్నం మాటా మాటా పెరిగింది. పాస్టరు గారి ముందు ఆయన నా బాక్సుల్ని రేకు డబ్బాలన్నారు. నాకు ఒళ్లు మండింది. చూడకుండా మీ బాక్సు ఏదో పోల్చండి, పందెం అన్నాను.

షామియానా గుడ్డ అడ్డం కట్టి, వెనక రెండు బాక్సులూ పెట్టాం. ఆయన్ని ఇటువైపు కుర్చీలో కూర్చోబెట్టాం. క్యాసెట్ ఆయనదే. వదిన పాట.

మొదట పాత బాక్సులో వేశాను. తర్వాత నా కొత్త దాంట్లో.

రెండోసారి వదిన గొంతు రాగానే ఆయన మొహం వెలిగిపోయింది. కళ్లు మూసుకునే ఉన్నారు. "ఇదే. ఇదే నాది. కరుణ ఇక్కడే నిలబడినట్టుంది."

గుడ్డ తీశాం. అందరం పగలబడి నవ్వాం.

ఆయన కూడా నవ్వారు. తర్వాత వైరు మోచేతికి చుట్టుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా, "నా చెవులే నన్ను మోసం చేశాయయ్యా" అన్నారు.

మోసం చేసింది నేను.

కొత్త బాక్సుకి మార్చినప్పుడు వాల్యూమ్ నాబ్ కొంచెం పైకి తిప్పాను. గింజంత. ఎవరికీ తెలియనంత. మన పనిలో ఉన్న వాళ్లందరికీ తెలుసు, అదే పాట కాస్త పెద్దగా వినిపిస్తే అదే బాగున్నట్టు ఉంటుంది. ఓడిపోతానేమోనన్న భయంతో తిప్పాను.

చెబుదాం చెబుదాం అనుకుంటూనే మూడేళ్లు గడిపేశాను. మధ్యలో ఎన్నిసార్లు కలిశామో. కలిసిన ప్రతిసారీ టీ ఆయనే ఇప్పించారు.

ఈ రోజు మధ్యాహ్నం సమాధుల తోటలో అమ్మ పాట నాన్నగారి బాక్సులోనే వేయమని రూతు అడిగింది. షెడ్డులోంచి తెచ్చాం. దాని మీద అదే పాత రెయిన్‌కోటు కప్పి ఉంది.

"ఈ మధ్య ఎప్పుడు వాడారమ్మా?" అన్నాను.

"ఆకివీడు నుంచి వచ్చాక మళ్లీ ఆన్ చేయలేదండీ. క్యాసెట్ బీరువాలో పెట్టేయమని నాకు ఇచ్చేశారు. మీ అమ్మ గొంతు ఏ బాక్సులోంచి వస్తుందో నేనే పోల్చుకోలేకపోయాను, ఇంకెందుకులే అన్నారు."

మూడు వానాకాలాల కొల్లేటి తేమ.

ఆన్ చేస్తే బరబరమన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. బాక్సు ముందున్న గుడ్డ ఊడదీసి చూశాను. పేపర్ కోన్ బూజు పట్టి, ముట్టుకోగానే ముక్కలుగా చేతికి వచ్చింది.

పాతది బాగుంటుందా కొత్తదా అని మీరు ఇక్కడ ఇంకా వాదించుకుంటూనే ఉంటారు. నన్ను మాత్రం అడగకండి. నిజాయితీగా పోల్చి చూసే అవకాశం ఒక్కసారి నా చేతికి వచ్చింది. నేనే పాడుచేశాను. ఇప్పుడు ఆ బాక్సూ లేదు, వినే మనిషీ లేరు.

చివరికి నా బాక్సులోనే వేశాం.

శవపెట్టెని కిందకి దించుతుంటే వదిన చిన్నగా దగ్గారు.

"ఏవండీ, వినపడుతుందా?"

చాలా క్లియర్‌గా వినపడింది. తోటంతా వినపడింది.

జవాబు చెప్పాల్సిన మనిషి చెప్పలేదు.

అన్నయ్యా, ఆ రోజు మీ చెవుల తప్పేమీ లేదు. ఈ మాట మీరుండగా చెప్పలేకపోయాను. వదిన పక్కన ఇక ప్రశాంతంగా పడుకోండి.

మీ శ్రీను