హైమవతిగారి గోరుముద్ద

సినిమాల్లో తల్లి వేషాలు వేసే హైమవతిగారి చేతి ముద్దకు మీసాలొచ్చిన హీరోలు సైతం కన్నీళ్లతో నోరు తెరిచేవారు. జూబ్లీ హిల్స్ ఇంట్లో, ఏడాది నిండబోతున్నా తల్లిపాలు తప్ప మరేదీ ముట్టని మనవరాలు మాత్రం ఆ సినిమాలేవీ చూసినట్టు లేదు. ఆవేళ ఆవిడ కొంగు దోపుకుని, నెయ్యేసి మెత్తగా పిసికిన పప్పన్నం ముద్ద చేసి, గొంతు వణికించి, "మా బంగారుతల్లివి కదూ, ఒక్క ముద్ద!" అన్నారు. పాప తేరిపార చూసి, ఆ ముద్దను ఆవిడ చెంపకే పులిమి, తల్లి ప్రణతి ఒళ్లోకి పాకిపోయింది.

"నువ్వు నన్నెప్పుడూ ఇలా ఏడిపించలేదే!" అన్నారు కూతురితో, చెంప తుడుచుకుంటూ.

"నాకు పెద్దమ్మ కదమ్మా పెట్టేది? నువ్వు షూటింగుల్లో ఉండేదానివి," అంది ప్రణతి మామూలుగా.

హైమవతిగారు ఇంకో ముద్ద చేసి తనే నోట్లో పెట్టుకుని, "ఉప్పు చాల్లేదు, అందుకే తినట్లేదు," అని తేల్చేశారు.